పాత టేకు డైనింగ్ కుర్చీలకు కొత్త గుడ్డ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత సామాను పడుతుంది?

కర్నూలు_టేకు (కర్నూలు)
అందరికీ నమస్కారం. ఆరు పాత టేకు డైనింగ్ కుర్చీలున్నాయి, చేతులు లేనివి. సీటు విడిగా ఊడి వస్తుంది. కింద నాలుగు మూలల్లో నాలుగు స్క్రూలు. పైన మెరూన్ రెగ్జిన్ అంచుల్లో పగిలి పొరలు లేస్తోంది. దాని కింద కొబ్బరిపీచు, ఆ కింద గోనెపట్టా, అడుగున నవారు. రెండింట్లో నవారు జారి మధ్యలో గుంట పడింది. ఇంకో రెండు కుర్చీలు కూర్చుంటే ఊగుతున్నాయి. సీటు కొలత ముందు 18 అంగుళాలు, వెనక 15.5, లోతు 16.5. గుడ్డ ఎన్ని మీటర్లు తీసుకోవాలి? ఏ రకం మంచిది? ఇంట్లో అయ్యే పనేనా, సోఫా పనివాళ్లకు ఇవ్వాలా? దొరికే వీడియోలన్నీ గుడ్డ బిగించడమే చూపిస్తున్నాయి, కింద ఏముండాలో ఎవరూ చెప్పడం లేదు.

చిత్రిక (కడప)
ఇంట్లో అయ్యే పనే అన్నా. సీటు ఊడి వచ్చే కుర్చీ కాబట్టి సగం బరువు దిగినట్టే. కానీ గుడ్డ కోసం అంగడికి పోకముందు కుర్చీలన్నీ బోర్లా తిప్పి చూడు. పాత కుర్చీ పాడయ్యేది కింది నుంచే. ముందు కీళ్లు వదులవుతాయి, తర్వాత నవారు జారుతుంది, పీచు ఒక పక్కకు పోతుంది, అన్నిటికన్నా చివర రెగ్జిన్ పగులుతుంది. బాగు చేసేదీ అదే వరసలో. ఊగే కుర్చీ మీద ఎంత మంచి గుడ్డ కొట్టినా మళ్లీ విప్పాల్సి వస్తుంది.

సీటు ఊడదీసే ముందు కుర్చీకీ సీటుకీ ఒకే నంబరు వెయ్యి. ఆరూ ఒకేలా కనిపిస్తాయి గానీ చేత్తో చేసినవి. ఒకదాని సీటు ఇంకోదాంట్లో కూర్చోదు. పాత సెట్లలో అడుగున ఉలితో కొట్టిన గీట్లు కూడా ఉండొచ్చు: ఒక గీటు, రెండు గీట్లు, మూడు గీట్లు. ఉంటే ఆ లెక్కే ఉంచు. స్క్రూలు కూడా ఏ కుర్చీవి ఆ కుర్చీకి కవర్లో కట్టిపెట్టు.

స్క్రూ తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చెయ్యొద్దు. ఒక చుక్క కిరసనాయిలు వేసి పూట సేపు వదిలెయ్. అప్పటికీ రాకపోతే కిరసనాయిలు శుభ్రంగా తుడిచి, ఆరిన తర్వాత టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించు. ఇనుము వేడికి సాగి, చల్లారేటప్పుడు తుప్పు పట్టు వదులుతుంది. స్క్రూడ్రైవర్ మొన గీటు వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి. సన్నది పెడితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు పెట్టడమొక్కటే దారి.

కర్నూలు_టేకు
నంబర్లు వేశాను. ఊగే కుర్చీల కీళ్లలో ఫెవికాల్ పోసి తాడుతో బిగిస్తే సరిపోతుందా?

చిత్రిక
సరిపోదు. బయటి నుంచి పోసిన ఫెవికాల్ పాత బంక పొర మీద కూర్చుంటుందే గానీ చెక్కలోకి ఇంకదు. నాలుగు నెలలకు మళ్లీ వదులు.

మన వైపు కీళ్లు ఎందుకు వదులవుతాయో కూడా చెప్తాను. చెక్క పొడవులో దాదాపు మారదు. అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం గాలిలో తేమ ఎంత తగ్గుతుందో తెలిసిందే. అప్పుడు కుసి, అంటే కీలు బెజ్జంలో దూరే చెక్క కొస, ముడుచుకుని సన్నబడుతుంది. వానాకాలంలో మళ్లీ ఉబ్బుతుంది. ఏటా ఈ లాగులాటకు పాత బంక పొడిపొడి అయిపోతుంది. సముద్రం పక్క ఊళ్ల నుంచి తెచ్చిన కుర్చీలైతే మొదటి వేసవికే కిర్రుమంటాయి.

వదులైన కీలు పూర్తిగా విప్పాలి. ముందు ఎవరైనా కీలు మీద మేకు కొట్టారేమో చూడు, ఉంటే అది లాగెయ్యాలి. లేదంటే విప్పేటప్పుడు కుసి చీలిపోతుంది. చెక్క దిమ్మకు గుడ్డ చుట్టి, దాని మీద సుత్తితో మెల్లగా తట్టు. ఊడిన తర్వాత పాత బంక తేనె రంగులో, గాజులా పెళుసుగా ఉంటే అది సరేసు, పశువుల తోలు, ఎముకలు కాచి చేసే పాతకాలం బంక. గోరువెచ్చని నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి గుడ్డ తడిపి పావుగంట చుట్టి పెడితే జిగురవుతుంది, గీకెయ్యొచ్చు. చెక్క నిగ్గు తేలాలి. అయితే ఎమ్రీ పేపర్‌తో కుసిని అరగదీయొద్దు, ఇంకా వదులవుతుంది. అప్పటికే వదులుంటే టేకు పలుచటి పట్టీ కుసి చెంపకు అంటించి, ఆరిన తర్వాత సరిచూసుకో. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కూరడం మాత్రం వద్దు. బరువు పడితే ఆ ముద్ద పిండిలా నలిగిపోతుంది.

చెక్క పనికి వాడే ఫెవికాల్ ఎస్.హెచ్. చాలు. కుసికీ, బెజ్జానికీ రెండింటికీ పూసి బిగించు. క్లాంపు లేకపోతే నైలాన్ తాడు సీటు పట్టీల చుట్టూ రెండు చుట్లు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టు. ఆరేలోపు రెండు ఐమూలలూ కొలువు. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు ఎంతో, రెండోదీ అంతే రావాలి. తేడా ఉంటే కుర్చీ మెలి తిరిగి ఆరుతుంది, జన్మంతా మూడు కాళ్ల మీదే నిలబడుతుంది. 24 గంటలు కదపొద్దు.

ఇంకొకటి. కాళ్లు సమానమా కాదా అని కడప బండల నేల మీద చూసుకోవద్దు. బండకూ బండకూ ఎత్తు తేడా ఉంటుంది. ఒకే పెద్ద ప్లైవుడ్ ముక్క మీద ఆరూ పెట్టి చూడు. బండల మీద కుర్చీ కాళ్లకు నైలాన్ గుబ్బలు కొట్టడం మంచిది. చెక్క అంచు చీలదు, లాగినా చప్పుడు రాదు.

సూది_దారం (అనంతపురం)
చిత్రిక అన్న చెప్పింది అయ్యాక, పాలిష్ కూడా అప్పుడే చేసుకోండి. గుడ్డ వేసిన తర్వాత ఎమ్రీ ధూళి, చపడా (లక్క పాలిష్) చుక్కలు పడితే పోవు.

ఇప్పుడు సీటు సంగతి. పాత రెగ్జిన్ చింపి పారేయొద్దు. పిన్నుల కింద సన్న స్క్రూడ్రైవర్ పెట్టి లేపి, కటింగ్ ప్లేయర్‌తో లాగండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి, పాత పీచులో ఏళ్ల దుమ్ము ఉంటుంది. పాత రెగ్జిన్ కొలతకు నమూనా. మూలల్లో మడత ఎటు తిప్పారో కూడా అదే చెప్తుంది. ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

నవారు గురించి. జారింది రెండింట్లోనే అయినా ఆరింటికీ మార్చండి. ఒకే వయసు నవారు అది, మిగతా నాలుగూ వెనకే వస్తాయి. 2 అంగుళాల జనపనార నవారు తీసుకోండి. సీటుకు నిలువు మూడు, అడ్డం మూడు, ఒకదాని కింద ఒకటి పైన అల్లాలి. ఒక్కో పట్టీ 20 అంగుళాలు, రెండు చివర్ల మడత కలిపి. అంటే సీటుకు 120 అంగుళాలు, సుమారు 3 మీటర్లు. ఆరింటికి 18 మీటర్ల పైచిలుకు, 20 తెచ్చుకోండి. చివర మడవకుండా కొడితే మేకు చుట్టూ నార విడిపోయి జారుతుంది. మీ రెండు సీట్లకు జరిగింది అదే అయ్యుంటుంది, విప్పినప్పుడు చూడండి. బిగింపు చేత్తో చాలదు. అరడుగు చెక్క ముక్కకు నవారు చుట్టి, సీటు చట్రం అంచుకు ఆనించి కిందికి వంచితే సరైన బిగువు వస్తుంది. తడితే డప్పులా మోగాలి.

ఆదోని_దూది (ఆదోని)
నవారు ఎందుకు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి వేస్తే పోదా? చాలామంది పనివాళ్లు అదే చేస్తున్నారు.

సూది_దారం
వేయొచ్చు, కొన్ని కుర్చీలకు అదే మేలు. సీటు చట్రం చెదలు తిని పోయి ఉంటే ప్లైవుడ్ తప్ప దారి లేదు. కానీ నవారు కూర్చున్నవాళ్ల బరువుకు కొంచెం లొంగుతుంది, అందుకే దాని మీద పలుచటి స్పాంజి చాలు. ప్లైవుడ్ లొంగదు, స్పాంజి మందం పెంచాలి. మందం పెరిగితే సీటు ఎత్తు పెరుగుతుంది. డైనింగ్ బల్ల నేల నుంచి 30 అంగుళాలు, సీటు 18 ఉంటే కూర్చోవడానికి సుఖం. మధ్యలో కనీసం 11 అంగుళాలు మిగలాలి. పాత చట్రం పైనే ప్లైవుడ్ కొట్టి, దాని మీద 3 అంగుళాల స్పాంజి వేస్తే తొడలు బల్లకు తగులుతాయి. అప్పుడు ఎవరూ ఆ కుర్చీలో పది నిమిషాలు కూర్చోరు. ఎత్తు కొలిచేటప్పుడు స్పాంజి మీద మనిషిని కూర్చోబెట్టి కొలవండి.

ప్లైవుడ్ వేసేవాళ్లకు రెండు మాటలు. ఆరు సీట్లకు 4 అడుగుల ముక్క చాలదు. రెండేసి తలకిందులుగా పక్కపక్కన పెడితే వెడల్పు 3 అడుగుల్లో పడుతుంది గానీ, మూడు వరసలకు పొడవు 49.5 అంగుళాలు, పైన రంపం కోత. రెండోది, రెగ్జిన్ వేస్తుంటే చెక్కకు 12 మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగైదు తప్పకుండా వేయండి. గాలి పోయే దారి లేకపోతే కూర్చున్నప్పుడు సీటు బుడగలా ఉబ్బి పిన్నుల దగ్గర రెగ్జిన్ చిరుగుతుంది.

ఆదోని_దూది
అర్థమైంది. స్పాంజి బదులు మన దూది? పాత కుర్చీకి పాత పద్ధతే అందం కదా.

సూది_దారం
పీచు మీద దూది అయితే అందమే. పీచు సీటు ఎత్తు నిలబెడుతుంది, దూది గుచ్చుకోకుండా కాపాడుతుంది. ఒట్టి దూది మాత్రం ఆరు నెలలకే అణిగి ఉండలు కడుతుంది. పరుపునైతే ఏటా విప్పి ఏకించుకోవచ్చు, సీటును అలా విప్పలేం. బూరుగు దూది ఇంకా త్వరగా అణిగిపోతుంది. పాత పీచు బాగుంటే మాత్రం పారేయొద్దు. దులిపి, ఒక పూట ఎండలో పెట్టి, చేత్తో విడదీసి మళ్లీ పరచండి, పైన ఏకిన దూది ఒక అంగుళం. పీచు పొడిపొడిగా రాలుతుంటే అప్పుడు స్పాంజికి వెళ్లండి.

స్పాంజి కొనేటప్పుడు మెత్తదనం నొక్కి చూసి మోసపోవద్దు, డెన్సిటీ, అంటే స్పాంజి ఎంత దట్టమైనదో ఆ అంకె అడగండి. సీటుకు 40 కావాలి. 28, 32 అంగట్లో నొక్కితే హాయిగా ఉంటాయి గానీ రోజూ కూర్చుంటే ఏడాదిలోపే అడుగు తగులుతుంది. నవారు మీద ఒకటిన్నర అంగుళం, ప్లైవుడ్ మీద 2 అంగుళాలు. సీటు కన్నా చుట్టూ పావు అంగుళం ఎక్కువ కోయండి, గుడ్డ లాగినప్పుడు అంచు గుండ్రంగా నిండుగా వస్తుంది. 6 అడుగులు బై 3 అడుగుల షీటులో ముందు వెడల్పు ఒకదానిదీ వెనక వెడల్పు పక్కదానిదీ కలిసేలా తలకిందులుగా గీసుకుంటే 36 అంగుళాల్లో రెండు బొటాబొటిగా పడతాయి, మూడు వరసలకు 51 అంగుళాలు. ఒక షీటు చాలు. కోతకు కొత్త హాక్సా బ్లేడు మంచిది. కత్తెరతో కోస్తే అంచు లోపలికి వంకరపోతుంది.

అంటించడానికి ఫెవికాల్ ఎస్.ఆర్. రకం. చెక్కకూ స్పాంజికీ రెండింటికీ పలుచగా పూసి పదిహేను నిమిషాలు ఆగాలి. వేలు పెడితే అంటకుండా జిగటగా తెలియాలి. మన ఎండల్లో ఐదారు నిమిషాలకే ఆ దశ వస్తుంది, ఆరు సీట్లకూ ఒకేసారి పూయొద్దు. తడి మీదే అంటిస్తే స్పాంజి బంకను తాగేసి రాయిలా గట్టిపడుతుంది. గాలి ఆడే చోట చేయండి, పొయ్యి దగ్గర అసలు వద్దు. అంటించేది ప్లైవుడ్ మీద వేసేవాళ్లే. నవారు వేసినవాళ్లు మీద గోనెపట్టా కొట్టి, స్పాంజిని ఊరికే పరిచి, గాడా (ముతక నూలు) గుడ్డతో బిగిస్తే చాలు.

పడుగు_పేక (ఎమ్మిగనూరు)
గుడ్డ లెక్క నేను చెప్తాను.

ముందు వెడల్పు 18. రెండు పక్కలా స్పాంజి 2, చెక్క అర, కిందికి మడవడానికి ఒకటిన్నర: పక్కకు 4 అంగుళాలు. 18 కి 8 కలిపితే 26. లోతు 16.5 కి 8 కలిపితే 24.5, దాన్ని 25 అనుకుందాం. సోఫా గుడ్డ పన్నా 54 అంగుళాలు. పన్నాలో రెండు 26లు పడతాయి, 2 అంగుళాలు మిగులుతుంది. మూడు వరసలు, 75 అంగుళాలు. 2 మీటర్లు తీసుకుంటే ఆరు కుర్చీలకు సరిపోతుంది, సాదా గుడ్డ అయితే.

పూలో, లతలో ఉంటే లెక్క మారుతుంది. 12 అంగుళాలకు ఒకసారి పువ్వు తిరిగి వచ్చే గుడ్డ అనుకోండి. ప్రతి సీటు నడిమధ్య పువ్వు రావాలంటే వరసకు 25 కాదు, 36 ఖర్చవుతుంది. మొదలు ఎక్కడ పడుతుందో తెలియదు కాబట్టి ఇంకో 12 కలపాలి. మొత్తం 120 అంగుళాలు, 3 మీటర్ల పైచిలుకు. ఇక అది పన్నా అంతా పరుచుకున్న పెద్ద పువ్వయితే పన్నాకు ఒక్క సీటే వస్తుంది, 228 అంగుళాలు, సుమారు 5.8 మీటర్లు. అంగట్లో నమూనా చూసి ముచ్చటపడేముందు టేపు తీసి పువ్వుకూ పువ్వుకూ మధ్య దూరం కొలవండి.

రకం సంగతికొస్తే, రోజూ వాడే సీటుకు దట్టంగా నేసిన మందపాటి నూలు కాన్వాస్ గానీ నూలు, పాలిస్టర్ కలిసినది గానీ మేలు. సోఫా గుడ్డల నమూనా పుస్తకాల్లో మార్టిండేల్ అని ఒక అంకె ఉంటుంది, గుడ్డను రుద్ది అరుగుదల చూసే పరీక్ష అది. ఇంట్లో రోజూ కూర్చునే సీటుకు 20,000 తగ్గకుండా చూసుకోండి. అంకె లేని గుడ్డనైతే వెలుతురుకు పట్టి చూడండి. పడుగు, పేకల మధ్య వెలుతురు చుక్కలుగా కనిపిస్తే సీటుకు పనికిరాదు. గోరుతో ఐమూలగా గట్టిగా గీకండి. దారాలు జరిగి దారి ఏర్పడితే అది కర్టెన్ గుడ్డ.

వెల్వెట్ అయితే నూగు వెనక నుంచి ముందుకు వాలాలి. చేత్తో నిమిరి ఆరింటికీ ఒకే దిశ ఉండేలా ముందే సుద్దతో బాణం గీసుకోండి. ఒక్కటి తిరగబడినా ఆ కుర్చీ వేరే రంగులా కనిపిస్తుంది.

కర్నూలు_టేకు
పడుగు_పేక అన్నా, ఎమ్మిగనూరు దుప్పటి వేయొచ్చా? ఇంట్లో గళ్లది ఒకటి కొత్తది ఉంది.

పడుగు_పేక
కొలత సరిపోతుంది. సింగిల్ దుప్పటి 60 బై 90 అంగుళాలు. పన్నాలో రెండు, నిలువున మూడు, ఆరు సీట్లూ ఒకే దుప్పటిలో పడతాయి. ఉతికితే కొంచెం కుంచించుకుపోయినా చోటు మిగులుతుంది. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టినప్పటి నుంచి దుప్పట్లంటే ఎమ్మిగనూరే. ఆ నేత మీద ప్రేమ ఉంది కాబట్టే నిజం చెప్తాను. దుప్పటి ఒంటికి మెత్తగా ఉండాలని నేస్తారు; దారం పురి తక్కువ, నేత వదులు. సీటు మీద రోజూ రాపిడికి ముందు అంచు దగ్గర ఏడాదిన్నరకే పలుచనవుతుంది. వేయాలంటే పిన్నులు కొట్టకుండా, అడుగున నాడా దూర్చి ముడివేసే తొడుగులా కుట్టించుకోండి. విప్పి ఉతుక్కోవచ్చు, పాతబడితే ఇంకో దుప్పటి. కోసే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుక్కే కుంచించుకుని సీటుకు ఎక్కదు.

గళ్లు, చారలు సీటుకు వేయడం సాదా గుడ్డ కన్నా కష్టం. పావు అంగుళం వంకరపోయినా అందరికీ కనబడుతుంది.

ఆదోని_దూది
ధర్మవరం పాత పట్టుచీర ఒకటి వృథాగా ఉంది. దాని కొంగు సీట్లకు వేస్తే బాగుంటుందని ఇంట్లో అడుగుతున్నారు.

పడుగు_పేక
సీటుకు వద్దండి. పాత పట్టు మడతల్లోనే చిట్లుతుంది, లాగి పిన్ను కొడితే అక్కడే చీలుతుంది. జరీ రాపిడికి లేచి బట్టలకు తగులుకుంటుంది. కుర్చీ వీపుకు వెనక వైపు, ఎవరూ ఆనుకోని చోట, అడుగున గాడా గుడ్డ ఆసరాగా పెట్టి వేసుకోవచ్చు. కిటికీ ఎండ పడని గది అయితేనే.

సూది_దారం
రెగ్జిన్ గురించి ఎవరూ అడగలేదు, మన ఇళ్లలో ఎక్కువ వాడేది అదే. పి.యు. రకం మెత్తగా తోలులా ఉంటుంది గానీ తేమకు పై పొర కరిగి పొట్టులా లేస్తుంది. పి.వి.సి. రకం తుడుచుకోవడానికి సులువు, ఎండకు లోపలి నూనె ఆవిరై గట్టిపడి పగులుతుంది. మీ మెరూన్ రెగ్జిన్ పొరలు లేస్తోందన్నారు, అంచులు పగిలాయన్నారు. పడమటి కిటికీ పక్కన ఉండేదేమో చూడండి. మళ్లీ రెగ్జినే వేసేట్టయితే పొద్దున ఎండలో పది నిమిషాలు పరిచి, వెచ్చగా ఉన్నప్పుడు లాగండి. మూలల్లో మడత లేకుండా కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎండలో పెట్టొద్దు, ఎక్కువ సాగిపోయి చల్లారాక పిన్నుల దగ్గర చిరుగుతుంది.

గుడ్డ వేసేవాళ్లకు పసుపు మరక బెంగ ఉంటుంది. పులుసు పడితే మొదట చల్లటి నీళ్లతో అద్దండి. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కంగారుపడొద్దు, క్షారానికి దాని గుణమే అంత. సబ్బు పోయేలా తడిగుడ్డతో తుడిచి సీటు ఊడదీసి ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో పలుచబడిపోతుంది. సీటు ఊడి వచ్చే కుర్చీలో ఇది పెద్ద సౌకర్యం.

చిత్రిక
గుడ్డ కోసే ముందు ఒక్క మాట, చాలామంది ఇక్కడే కుర్చీ విరగ్గొట్టుకుంటారు.

ఊడి వచ్చే సీటు కుర్చీ పట్టీల మధ్య గాడిలో కూర్చుంటుంది. పాత రెగ్జిన్ మందానికి సరిపోయేలా అప్పట్లో సందు వదిలారు. కొత్త గుడ్డ దానికన్నా మందమైతే, కింద గాడా గుడ్డ కూడా కలిస్తే, సీటు దిగదు. అప్పుడు సుత్తితో కొట్టి దించుతారు. దిగుతుంది, కానీ అది నాలుగు పక్కలా చీలిక కొట్టినట్టే. బంక పెట్టి సరిచేసిన కీళ్లు ఆ నెట్టుడుకు మళ్లీ విచ్చుకుంటాయి.

పిన్ను కొట్టక ముందే గుడ్డ, గాడా రెండూ కలిపి ఒక చిన్న పట్టీ చట్రం అంచుకు చుట్టి గాడిలో దించి చూడు. చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు కావాలి. అరచేత్తో నొక్కితే దిగాలి. దిగకపోతే చట్రం అంచును చిత్రిక పట్టు. ముందు పాత మేకులు, పిన్నులు మొత్తం తీసెయ్, ఒక్కటి మిగిలినా చిత్రిక ఉలి మొండిపోతుంది. మూలల్లో గుడ్డ మూడు పొరలవుతుంది, అక్కడ ఇంకో మిల్లీమీటరు ఎక్కువ తీసి కొంచెం గుండ్రం చెయ్.

పేము_అల్లిక (కడప)
పక్క ప్రశ్న అనుకోకండి, చూసేవాళ్లలో చాలామందికి పనికొస్తుంది. సీటు పట్టీల చుట్టూ వరసగా బెజ్జాలు గానీ సన్నటి గాడి గానీ కనిపిస్తే అది అసలు పేము అల్లిన కుర్చీ. ఎవరో తర్వాత రెగ్జిన్ కొట్టారు. మళ్లీ గుడ్డ వేసే ముందు ఆలోచించండి. మన వేడికి పేము సీటంత చల్లన ఏదీ ఉండదు.

గాడి ఉంటే అల్లిన పేము షీటు దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లలో గంట నానబెట్టి, గాడిలో బంక వేసి, షీటును చెక్క చీలికలతో అదిమి, పైన పేము పట్టీ కొట్టాలి. తడిగా ఉన్నప్పుడు వదులుగా అనిపిస్తుంది. ఆరితే బిగుస్తుంది, అందుకని ముందే మరీ లాగొద్దు. రెండు రోజులు ఎవరినీ కూర్చోనివ్వకూడదు. ఆ తర్వాత వేసవిలో నెలకోసారి అడుగు వైపు నుంచి తడిగుడ్డతో అద్దుతుండాలి. పొడిగాలికి పేము పెళుసై, మోకాలు పెడితే పటక్కున తెగుతుంది. పై వైపు మెరుపు పొర నీళ్లు పీల్చదు, అడుగు వైపే పీలుస్తుంది.

కర్నూలు_టేకు
మావాటికి బెజ్జాలు, గాడి లేవు. గుడ్డే. ముదురు ఆకుపచ్చ కాన్వాస్ 54 పన్నా, 2 మీటర్ల 25 సెంటీమీటర్లు తెచ్చాను. కీళ్లు ఆరాయి, నవారు అయింది, గాడి సందు చూసుకుని మూడు సీట్లకు చిత్రిక పట్టించాను. ఇక బిగించడం. పిన్నులు ఎంతవి కావాలి?

సూది_దారం
8 మిల్లీమీటర్ల కాలు ఉన్నవి. మూలల మడతలకు 10. అంగుళానికి ఒకటి చొప్పున సీటు చుట్టూ 67. గాడాకు, సీటు అడుగును మూస్తూ కొట్టే నల్లగుడ్డకు రెండంగుళాలకొకటి. సీటుకు 135 దాకా అవుతాయి, వెయ్యి పిన్నుల డబ్బా ఒకటి చాలు. ముదిరిన టేకులో చేతి గన్ పిన్ను సగమే దిగుతుంది. గన్ను గట్టిగా అదిమిపట్టి కొట్టి, నిలబడినవాటిని సుత్తితో అణచండి. అలా కూడా దిగకపోతే సన్న డ్రిల్లుతో దారి చేసి అరంగుళం టాక్సు (వెడల్పు తల ఉన్న పొట్టి) మేకులు కొట్టండి.

బిగించే వరస ముఖ్యం. బల్ల మీద గుడ్డ తలకిందులు, దాని మీద స్పాంజి, దాని మీద సీటు. గుడ్డ నాలుగు పక్కలా నడిమిలో గాటు పెట్టుకోండి, చట్రానికీ నడిమిలో గీటు. వెనక నడిమిలో ఒక పిన్ను, ముందుకు లాగి నడిమిలో ఒకటి, ఎడమ, కుడి. తిప్పి చూడండి, పేక దారం ముందు అంచుకు సమాంతరంగా ఉందా అని. లేకపోతే అప్పుడే పీకేయాలి. ఆ నాలుగు సరిగ్గా ఉంటే, నడిమి నుంచి మూలల వైపు ఒక పక్క రెండు, ఎదుటి పక్క రెండు కొట్టుకుంటూ పోండి. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు పోతే గుడ్డ అలలు తేలుతుంది. మూలకు 2 అంగుళాల ముందు ఆగిపోండి.

లాగేటప్పుడు స్పాంజి అంచు గుండ్రమయ్యేంత వరకే. అంతకన్నా లాగితే పిన్ను ఉన్నచోటల్లా పై నుంచి చిన్న గుంట కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఆ పిన్ను తీసి, పిన్నులకు మధ్యనున్న గుడ్డను లాగి మళ్లీ కొట్టాలి.

మూలలు చివర. మూల కొసను నడిమి వైపు లాగి ఒక పిన్ను. రెండు పక్కలా మిగిలిన గుడ్డను చిన్న కుచ్చుగా మడిచి, మడత సరిగ్గా చట్రం కొసన పడేలా చూసుకోండి. లోపలి అదనపు గుడ్డ కోసేయాలి, లేదంటే చిత్రిక అన్న చెప్పినట్టు గాడిలో ఇరుక్కుంటుంది. ముందు రెండు మూలల కుచ్చులు ఎదురెదురుగా, వెనకవి కూడా అంతే. ఆరు కుర్చీలకూ ఒకేలా.

కర్నూలు_టేకు
నాలుగు సీట్లు అయ్యాయి, అలలు లేవు. మళ్లీ కుర్చీకి బిగించేటప్పుడు స్క్రూ తిప్పితే అడుగున గుడ్డ మెలి తిరుగుతోంది. ఒకదాంట్లో పై నుంచి గీత పడింది.

సూది_దారం
స్క్రూ మర దారాన్ని పట్టుకుని చుట్టేసింది, అందుకే పై దాకా లాగింది. ఆ స్క్రూ వెనక్కి తిప్పి తీయండి, గీత చాలావరకు సర్దుకుంటుంది. గుడ్డ మీద నుంచి ఆరతో (చెప్పులు కుట్టేవాళ్లు వాడే మొనదేలిన పనిముట్టు) స్క్రూ బెజ్జం ఎక్కడో వెతికి, మిగతా వాటికి సన్నని మేకు కాల్చి ఆ చోట గుడ్డకు చిన్న రంధ్రం చేయండి. కాలిన మేకు స్పాంజి దరికి పోకుండా జాగ్రత్త, అది అంటుకుంటుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డయితే అంచు కరిగి దారం విడిపోదు. ఒట్టి నూలైతే కాల్చొద్దు, రంధ్రం చుట్టూ ఒక చుక్క ఫెవికాల్ పెట్టి ఆరనివ్వండి. స్క్రూకు కొంచెం కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. నాలుగూ సగం సగం పట్టించి, సీటు గాడిలో సమంగా కూర్చుందని చూసుకున్నాకే పూర్తిగా బిగించండి. అడుగు నల్లగుడ్డ కొట్టేటప్పుడు స్క్రూ బెజ్జాలకు అంగుళం ఇవతలే ఆపండి.

కర్నూలు_టేకు
కాల్చలేదు, నూలు కాన్వాస్ కాబట్టి ఫెవికాల్ చుక్కే పెట్టాను. మైనం రాస్తే స్క్రూ మెత్తగా దిగింది. ఆరో సీటు రేపు.